కాకిని రానివ్వని మిద్దె

మా పక్కింటి పెద్దబాపు పోయిన నెలలో కన్నుమూశారు. మా మాదన్నపేట గల్లీకి ఆ కబురు ముందు చెప్పింది పిచ్చుకలే. పొద్దున్నే సజ్జలు పడకపోయేసరికి ఆయన మిద్దె పిట్టగోడ మీద చేరి ఒకటే గోల. ఈయనకు ఇవాళ ఏం రోగమొచ్చిందని విసుక్కుంటూ మా మిద్దె మీది నుంచి తొంగిచూశాను. పెద్దమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. "మీ పెద్దబాపు లేస్తలేడు బిడ్డా," అంది. ఆ విసుగు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మర్నాటి నుంచే పిట్టల మీద పడ్డారు. జనాన్ని చూసిన కళ్లతోనే వాటినీ చూసేవారు. "రంగు చూడకు బిడ్డా, ఎండల ఒక తీరుంటది, నీడల ఒక తీరుంటది. నడక చూడు. గోరింక కాలు ముందల కాలేస్తది, పిచ్చుక దుంకుతది. టికెట్ తీసుకోనోడు గూడ నాకు నడకల్నే దొరుకుతుండె," అనేవారు. తోక కింద ఎర్రగా ఉంటే పిగిలిపిట్ట అని నేర్పింది ఆయనే.

పిచ్చుకలకు సజ్జలు, పిగిలిపిట్టలకు బొప్పాయి చెక్క, తేనెపిట్టకు మందార కుండీ. నడుమ ఒక మట్టి మూకుడు, అందులో రెండు వేళ్ల లోతు నీళ్లు, చిన్న పిట్ట నిలబడడానికి ఒక రాయి. ఆ మర్యాదలకు వచ్చిన గోరింకలు పనిలో పనిగా గోడ దాటి నా వడియాలన్నీ తినిపోయాయి. లొల్లి పెట్టుకుందామని వెళ్తే, "ఉప్పు జర తక్కువెయ్ బిడ్డా, పిట్టలకు మంచిది కాదు," అన్నారు. ఏం మనిషండీ!

ఇంత ప్రేమ పొంగిపొర్లే మనిషికి కాకులంటే మాత్రం అస్సలు పడేది కాదు. ఎక్కడెక్కడి ఎండు రొట్టెలో, నమిలి పారేసిన కోడి బొక్కలో తెచ్చి ఆ మూకుట్లో నానబెడతాయని కోపం. "నీళ్లు ఖరాబ్ చేస్తున్నయ్!" అంటూ వెదురు కర్ర పట్టుకుని ఉరికేవారు. ఆయన లేనప్పుడు ఆ డ్యూటీ పెద్దమ్మది. వంటింట్లో రొట్టె చేస్తూ కూడా కావుమని వినబడగానే "హుష్!" అనడం ఆమెకు అలవాటైపోయింది.

ఒక ఎండాకాలం ఒంటినిండా తెల్లచుక్కలున్న గోధుమరంగు పిట్ట ఒకటి వచ్చింది. ఎర్రటి కళ్లు. ఆయన గల్లీ మొత్తాన్ని మిద్దెక్కించారు. "ఇది మన దిక్కుది కాదు. ఏదో చలి దేశం నుంచి మనింటికి చుట్టమొచ్చింది, మెహమాన్," అన్నారు. నెల రోజులు మెహమాన్‌కు వేరే బొప్పాయి కోశారు. చివరికి కిరాణా సేటు పైకొచ్చి చూసి, "అరె కండక్టర్ సాబ్, ఇది ఆడ కోయిల కదా!" అన్నాడు. నేను ఊరుకుంటానా? "నీ మెహమాన్‌ను పెంచింది ఎవరనుకున్నవ్ పెద్దబాపు? నువ్వు ఉరికిచ్చే కాకులే," అన్నాను. రెండు రోజులు కర్ర మూలకు పెట్టారు. మూడో రోజు మూకుట్లో కోడి బొక్క తేలింది. కర్ర మళ్లీ చేతికొచ్చింది.

"ఇట్ల కొడితే రేపు నువ్వు పోయినంక నీకు పిట్టకు పెట్టిననాడు ఒక్క కాకి గూడ ముట్టదు. ఆత్మ ఈ మిద్దె మీదనే తిరుగుతది," అని ఓసారి భయపెట్టాను. ఆయన నవ్వారు. "మంచిదే గదా! మూకుడు నేనే చూసుకుంట."

సరిగ్గా అదే అయింది. మాలో మూడో రోజు, పోయినవారికి ఇష్టమైనవన్నీ ఇస్తరాకులో పెట్టి కాకి కోసం చూస్తారు. కాకి ముడితే తృప్తిగా వెళ్లినట్టు, ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు. మిద్దె మీద అన్నం, మటన్ కూర, గారెలు పెట్టారు. ఆయన రోజూ చాయ్‌లో ముంచుకుని తినే ఉస్మానియా బిస్కెట్లు రెండు పెట్టారు. పిచ్చుకలొచ్చాయి, గోరింకలొచ్చాయి. కాకులు మాత్రం ఎదురింటి ట్యాంకు మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి, కదలవు. "అమ్మను మంచిగ చూసుకుంట బాపు," అని కొడుకు దండం పెట్టాడు. రాలేదు. బీడీ మరిచామని అల్లుడు పరుగెత్తి కట్ట తెచ్చి పెట్టాడు. అయినా రాలేదు.

"ఎట్లొస్తయ్ బిడ్డా? ఇన్నేండ్లు ఉరికిచ్చిండు. నాతోని గూడ ఉరికిచ్చిండు," అని పెద్దమ్మ బావురుమంది. ఆయన తృప్తిగా పోలేదేమో అన్న బెంగ ఆమెను తినేస్తోంది. ఆ ముఖం చూడలేక తల తిప్పుకుంటే మూకుడు కనబడింది. మూడు రోజులుగా ఎండిపోయి, నడుమ రాయి ఒక్కటే మిగిలింది. నాకు దుఃఖం ఆగలేదు. చెంబెడు నీళ్లు తెచ్చి పోశాను. "నీళ్ల ఫికర్ పెట్టుకోకు పెద్దబాపు, రోజూ నేను పోస్త. వడియాల లొల్లి గూడ పెట్టుకోను," అని అందరి ముందూ పైకే అన్నాను.

కాసేపటికి ఒక కాకి దిగింది. అది మటన్ వైపు చూడనైనా లేదు. ఒక బిస్కెట్ ముక్కున పట్టుకుని, తీరిగ్గా మూకుడు దాకా నడిచి, నీళ్లలో ముంచింది.

"హుష్!" అనేసి, పెద్దమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది.

కాకి ఎగరలేదు. మెడ పక్కకు వంచి ఆమెను ఒకసారి చూసి, బిస్కెట్‌ను ఇంకోసారి ముంచుకుంది.