వంటింటి గడప మీద పాప

మా అమ్మకు పార్కిన్సన్స్ వచ్చి చేతులు వణకడం మొదలైన కొన్నేళ్లకు ఒక పాప కూడా వచ్చింది. వంటింటి గడప మీద కూర్చుంటుందట. ఎర్ర గౌను, నూనె లేని జుట్టు. ఎవరి బిడ్డో అమ్మకూ తెలియదు. మాత్రలు ఎక్కువయ్యేకొద్దీ కొందరికి ఇలా లేనివాళ్లు కనిపిస్తారని చిత్తూరు డాక్టరు ముందే చెప్పాడు. అయినా దీపాలు పెట్టే వేళ ఆ గడప దాటాలంటే నాకు ఒళ్లు జలదరించేది.

"తొక్కేస్తావు మే, పక్కన రా," అనేది అమ్మ. నేను కసురుకునేదాన్ని. కసురుకుంటూనే పక్కనుంచి వచ్చేదాన్ని.

బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి మామిడికాయలు కోసిన చేతులవి. ఇప్పుడు అన్నం ముద్ద నోటిదాకా పోదు. నేను తినిపించబోతే మొహం తిప్పుకునేది. తన చేత్తో తాను తినాలి, అంతే ఆమె కోరిక. బెంగళూరులో ఒక ఆసుపత్రిలో ఈ జబ్బుకు మూలకణాలతో ప్రయోగం చేస్తున్నారని విని, వెంటనే ఆమెను బస్సెక్కించాను.

అక్కడి డాక్టరు తెలుగువాడే. ల్యాబులో పెంచిన కణాలను మెదడులో పెడతామనీ, అవి నిలదొక్కుకుంటే అక్కడ తగ్గిపోయిన రసాయనాన్ని తయారు చేస్తాయనీ చెప్పాడు. ఇంకా పరీక్షల దశే, నయమవుతుందని మాట ఇవ్వలేనన్నాడు.

"తలకాయలో నారు నాటతారన్న మాట," అంది అమ్మ.

ఆయన నవ్వి, మామూలుగానే అడిగాడు. "మిగతావాళ్లకు కనిపించని మనుషులు మీకేమైనా కనిపిస్తుంటారా అమ్మా?"

"ఒక పాప ఉండాది నాయనా. ఇప్పుడు నీ బల్ల కిందే ఉండాది."

నేను కాళ్లు వెనక్కి లాక్కున్నాను.

అలాంటివాళ్లను ప్రయోగంలోకి తీసుకోరట. మాత్రలు మార్చి చూద్దాం, ఆ పాప కనిపించడం ఆగితే మళ్లీ రండి అన్నాడు.

మాత్రలు మార్చాక పాప రావడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ అమ్మ కాళ్లు మరింత బిగుసుకున్నాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుందని ఆ డాక్టరును ఫోన్లో కడిగేశాను. ఆ కాళ్లతోనే అమ్మ గోడ పట్టుకుని మంచం కిందా, తలుపు వెనకా వెతికేది.

"యాడికి పోయిందో. తినిందో లేదో," అనేది.

పాప ఉన్నన్నాళ్లూ గడప దగ్గరే భయం. ఇప్పుడు ఇల్లంతా భయంగానే ఉండేది. అమ్మ వెతికిన చోటల్లా, ఆమె నిద్రపోయాక నేనూ ఒకసారి తొంగి చూసేదాన్ని.

మళ్లీ బెంగళూరు వెళ్లాం. డాక్టరు అదే ప్రశ్న అడిగాడు.

"ఇప్పుడెవురూ రారు," అంది అమ్మ.

ఆయన తృప్తిగా రాసుకున్నాడు. ఇక చేర్చుకున్నట్టేనని నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ తన వణికే చేతులు రెండూ ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇవి ఎట్ల పోయినా పోనీలే నాయనా. ఆ కణాలేవో పెడితే, బిడ్డ తిరిగి వస్తాదా?"

రాదని చెప్పాల్సింది ఆయన. ఆయన నా వైపు చూశాడు.