పెరట్లో కట్టేసిన అల్లుడు

నా కిడ్నీలో చిన్న రాయి ఉందని తేలినప్పటి నుంచి మా ఇంట్లో పొద్దున్నే ఉలవలు ఉడుకుతున్నాయి. మందులు డాక్టరు రాసినవే, ఉలవలు మాత్రం కింది అంతస్తు ఆవిడ సలహా. కుక్కర్ మూత తీయగానే తడిమట్టి వాసనా, వేపిన పప్పు వాసనా కలిసిన ఆవిరి ఇల్లంతా కమ్ముకుంటుంది. ఇది ఇల్లా, గుర్రాలసాలా అని మా ఆయన ముక్కు మూసుకుని బాల్కనీలోకి పోతాడు. ఆయన అది తిట్టనుకుంటాడు గానీ నేను నిజంగానే గుర్రాలసాలలో పెరిగినదాన్ని.

సిద్దిపేట పాత బస్టాండు దగ్గరి టాంగా అడ్డా మా బాపు కొలువు. మాకు రెండు గుర్రాలుండేవి, ఒకటి టాంగా లాగడానికి, ఇంకొకటి పెళ్లికొడుకులను ఊరేగించడానికి. గుర్రమంటే రాజా, బాద్షా, తూఫాన్ అని సినిమాల్లో పెట్టుకుంటారేమో గానీ మా అడ్డా మీద అలాంటి గొప్పలు నడిచేవి కావు. పాలు తక్కువైన చాయ్ రంగులో పొట్టిగా ఉండేదాని పేరు అర్ధచాయ్. బాగా పొద్దెక్కితే గానీ కాలు కదపనిదాని పేరు తాసీల్దార్. చెప్పాపెట్టకుండా తాడు తెంపుకొని పోయి, డొక్కలు తేలాక తనంతట తానే తిరిగొచ్చేదాన్ని భీవండి అనేవారు. మా గల్లీలో సగంమంది మగవాళ్లు మగ్గం పని వెతుక్కుంటూ భీవండి పోయి అదే తీరున తిరిగొచ్చినవాళ్లే కాబట్టి ఆ పేరును ఎవరికీ విడమర్చి చెప్పే పని లేకపోయింది. బస్సు హారన్ కొట్టినా, దండెం మీద చీర రెపరెపలాడినా, పక్కింట్లో ఎవరో అప్పడం విరిచినా బెదిరిపోయే మా టాంగా గుర్రం పేరు పరేషాన్. తాసీల్దార్ చంద్లాపూర్ పోయిండు, భీవండి జాడ లేదు, అర్ధచాయ్ తయారుగున్నది, ఎక్కుతరా అని అడ్డావాళ్లు అడుగుతుంటే కొత్తగా బస్సు దిగినవాళ్లు సంచులు పట్టుకుని అయోమయంగా నిలబడేవారు. మేము పిల్లలం నడుములకు పాత చీర అంచులు కట్టుకుని టాంగా ఆట ఆడేటప్పుడు గుర్రమయ్యేవాళ్లకూ పేర్లు పెట్టేవాళ్లం. నా పేరు ఎప్పుడూ ‘ఇంకో ముద్ద’. తిండి దగ్గర నా సంగతి అందరికీ తెలుసు మరి.

పెళ్లిగుర్రానికి పేరు పెట్టింది మా బాపమ్మ, బాపు తల్లి. తెల్లగా, ఎత్తుగా, పొడుగాటి కనురెప్పలతో చూస్తే దిష్టి తగిలేలా ఉండే ఆ గుర్రం పేరు అల్లుడు. ఆ పేరుకు మూలపురుషుడు మా పెద్దత్త భర్త, అంటే బాపమ్మ పెద్దల్లుడు. ఆయన మా ఇంటికొస్తే కూరగిన్నె తనవైపు జరపలేదనో, చెప్పులు ఎండలో పెట్టారనో అలిగి, అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చునేవాడు. ఎవరో ఒకరు పోయి మూడుసార్లు బతిమాలితే గానీ లేచేవాడు కాదు. గుర్రమూ అచ్చం అంతే. ఉలవలు వేడి తగ్గినా అలకే, నీళ్లు ముందు పరేషాన్‌కు పెట్టినా అలకే. అలిగినప్పుడు బకెట్టు తన్నేస్తే చెల్లాచెదురైన ఉలవలు కోళ్లు ఏరుకు తినేవి, అత్తసొమ్ము అల్లుడు దానం చేసుడంటే గిదే అని బాపమ్మ నెత్తి కొట్టుకునేది. అంతలోనే దాని మెడ నిమురుతూ, “లే అల్లుడా, గిదంత నీదే గదా బిడ్డా” అని పాటలాగా మూడుసార్లు అనేది. మూడోసారికి అది చెవులు నిక్కించి కదిలేది. బతుకమ్మ పండుగనాడు రొట్టె, బెల్లం నలిపి చేసిన నెయ్యి కారే మలీద ముద్దల్లో మొదటిది దానికే దక్కేది, మాకు తర్వాతే. ఈ పేరు సంగతి పెద్దమామకు తెలియకుండా ఇంటిల్లిపాదీ కాపాడుకుంటూ వచ్చాం.

బాపు చెల్లెలు చిన్నత్తకు అప్పుడు పెళ్లీడు. వంటలో, కుట్టులో, నవ్వులో వంక పెట్టలేని మనిషి. కానీ చూసిపోయినవాళ్లంతా ఇంట్లో లద్ది వాసన అని గుసగుసలాడుకుని మళ్లీ కబురు చేసేవారు కాదు. ఆమె పైకి నవ్వేసేది గానీ, ఆ రాత్రి నా పక్కన పడుకుని కొంగు వాసన చూసుకునేది. చివరకు కొండపాక నుంచి ఒక సంబంధం వచ్చింది. తల్లీ కొడుకూ, చిన్న బట్టల దుకాణం. వాళ్లు గుమ్మం దగ్గరికి వస్తుండగా పరేషాన్ దేనికో బెదిరి ముందుకాళ్లు లేపింది. తల్లి గోడవారకు పరిగెత్తింది గానీ కొడుకు కదల్లేదు. దాని మెడ మీద చెయ్యి వేసి మెల్లగా ఏదో చెప్పాడు, అది ఊరుకుంది. కిటికీలోంచి చూస్తున్న చిన్నత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “గీ సంబంధం తప్పిపోవద్దే” అన్నది.

పెద్దమామ అప్పటికే దేనికో అలిగి ఆ పెళ్లిచూపులకు రాలేదు. మీ పెద్దల్లుడు కనిపిస్తలేడేంది అని పెళ్లికొడుకు తల్లి అడిగితే, ఆయనకు జర పనుండె అని బాపమ్మ దాటేసి చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయింది. అదే సమయానికి గుర్రాలకు నాడాలు కొట్టే మనిషి పెరట్లోకి వచ్చాడు. ముందుగదిలో చుట్టాలున్న మాటే మరిచి, బాపమ్మ వంటింటి వెనక వాకిట్లోంచి బాపును అడిగింది.

“అల్లునికి తాగెతందుకు పెట్టినవా?”

“పెట్టిన. బకెట్ తన్నిండు.”

“అయితే ఎండల కట్టెయ్, తిక్క కుదురుతది. కొట్టేటప్పుడు నోట్లె గుడ్డ పెట్టు, మొన్నటి లెక్క కరుస్తడు.”

ముందుగదిలో పెళ్లికొడుకు తల్లి చేతిలోని సకినం అట్లనే ఆగిపోయింది. ఆమె లేచి, కొడుకు భుజం తట్టి, “పెద్దల్లునికే గిట్లుంటే నీకేం చేస్తరో బిడ్డా, నడువు” అని గుమ్మం దాటింది. విషయం అర్థమై బాపమ్మ చాయ్ గిన్నెతోనే గుమ్మం దగ్గరికి వచ్చింది. అప్పుడు చిన్నత్త, పెళ్లిచూపుల్లో తల కూడా ఎత్తకూడని మనిషి, కొత్తచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పెరట్లోకి పరుగెత్తి, కళ్లెం పట్టుకుని గుర్రాన్ని ఇంటి పక్క సందులోంచి వాళ్ల ఎదురుగా తెచ్చి నిలబెట్టింది. ఆయాసపడుతూనే, “గీయననే అత్తమ్మా, మా అల్లుడు” అన్నది.

మొదట పెళ్లికొడుకు నవ్వాడు, ఆపుకోలేక అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. తల్లి నవ్వలేదు. సంబంధం తనకూ నచ్చింది గానీ ఒక షరతు పెట్టింది: తన కొడుకు ఈ ఇంటి అల్లుడయ్యాక ఇంకో అల్లుడు పెరట్లో లద్ది వేయడానికి వీల్లేదు, ఆ పేరు బాపమ్మ నోట మళ్లీ వినబడకూడదు. బాపమ్మ దేవుడి మీద ఒట్టేసి మాటిచ్చింది. ఆ రోజు నుంచి గుర్రం పేరు రాజు. బెల్లం ముక్క చూపించి రాజూ రాజూ అని ఇల్లంతా పిలిచాం. అది బెల్లం తిన్నది, రాజు ఎవరన్నట్టు మా వెనకకు చూసింది.

పెళ్లినాడు ఎదురుకోళ్లకు అందరం డప్పులతో పోయి, పెళ్లికొడుకును ఆ గుర్రం మీదే ఎక్కించి ఇంటికి తెస్తున్నాం. కమాన్ దాటాక పూలదండ గుచ్చుకుందనో, డప్పులవాళ్లు తనకన్నా ముందు నడిచారనో, గుర్రం నడిబజారులో నిలబడిపోయింది. బాపు లాగాడు, రాజూ అని బతిమాలాడు, బెల్లం పెట్టాడు. కదల్లేదు. ముహూర్తం దగ్గర పడుతోంది. ఇది మంచి శకునం కాదని మగపెళ్లివారిలో ఒక ముసలాయన గొణిగాడు, వెనకకు మళ్లుదామన్న మాట కూడా వినబడింది. డప్పులు ఆగిపోవడం పందిట్లో కూర్చున్న చిన్నత్తకు వినబడే ఉంటుందనుకునేసరికి నాకు ఏడుపొచ్చింది. అందరూ బాపమ్మ వైపు చూశారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “నేను ఒట్టేసిన. నా నోట రాదు” అన్నది.

పెళ్లికొడుకు తల్లి కాసేపు బాపమ్మనూ, గుర్రాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత పట్టుచీర కొంగు నడుముకు దోపి, గుర్రం ముందుకొచ్చి, చుట్టూ ఎవరున్నారో చూడకుండా, “నడువు అల్లుడా” అన్నది. మొదటిసారి ఆజ్ఞలా అన్నది. రెండోసారి కాస్త తగ్గి అన్నది. మూడోసారి దాని గడ్డం పట్టుకుని, “నడువు అల్లుడా, నీ కాల్మొక్కుత, పిల్ల ఎదురుచూస్తున్నది బిడ్డా” అన్నది. ఆ పిలుపుకు పక్కనే నిలబడ్డ పెద్దమామ కూడా తల తిప్పి చూశాడు. గుర్రం చెవులు నిక్కించింది, కదిలింది. డప్పులు మళ్లీ మోగాయి. ఆ డప్పుల మధ్య వియ్యపురాళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్విన నవ్వు నేను ఇంతవరకు మళ్లీ ఏ పెళ్లిలోనూ చూడలేదు.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. అల్లుడూ, పరేషానూ ఎప్పుడో పోయాయి, నాడాలు కొట్టే మనిషి కొడుకులు వేరే పనుల్లో పడ్డారు. అడ్డా ఉన్నచోట ఫోన్ల దుకాణాలు వచ్చాయి, వాటి ముందు ఆటోలు నిలబడతాయి. ఆటోల వెనక పేర్లుంటాయి గానీ అవి ఓనరు పిల్లల పేర్లు, ఆటోవి కావు.

మొన్న చిన్నత్త చిన్నకొడుకు పెళ్లి సిద్దిపేటలోనే ఫంక్షన్ హాల్లో జరిగింది. గుర్రాన్ని పట్నం నుంచి లారీలో తెప్పించారు. డీజే అదరగొడుతోంది, పటాకులు పేలుతున్నాయి, తల మీద డ్రోను తిరుగుతోంది. గుర్రం మాత్రం పెట్టినచోట పెట్టినట్టు తల వంచుకుని నిలబడింది. దీని పేరేమిటని దాన్ని తెచ్చినాయనను అడిగాను. కిరాయి గుర్రానికి పేరెందుకమ్మా అన్నాడు. జుట్టంతా నెరిసిన చిన్నత్త పక్కన నిలబడి వింటోంది. ఇది ఆడదా అని అడిగింది. ఔనన్నాడు. ఎప్పటి నుంచి నిలబడిందని అడిగింది. పొద్దటి నుంచి అన్నాడు.

“అలగదా?”

“అలిగితే ఎట్లమ్మా?” అని నవ్వాడు.

చిన్నత్త నవ్వలేదు. దాని నుదుటి మీద చెయ్యి వేసి నిమిరింది. తర్వాత ఆయన వైపు తిరిగి, “దీని పేరు కోడలు. ముందుగాల నీళ్లు తాపు, తర్వాత నా కొడుకును ఎక్కియ్యి” అన్నది.