బావ చేసిన బొంకు డబ్బాలు

మా బావ ఎడమచేతి వేళ్ళు రెండు ముడవవు. వాటిని విరగ్గొట్టిన మనిషి దవడ నేను విరగ్గొట్టాను. చెల్లుకు చెల్లు అయిపోయింది కదా అంటారు మా షెడ్డులో వాళ్ళు. వాళ్ళ మొహం, ఎక్కడ అయిపోయింది? అసలు సంగతి తెలిస్తే ఆ మాట అనరు.

నేను బస్సుల షెడ్డులో మెకానిక్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అక్క అంటుంది. అబద్ధం. ముక్కు మీద కూర్చునే ఓపిక కూడా దానికి ఉండదు, నేరుగా చేతిలోకి దిగుతుంది. అక్క మొగుడి తీరు నాకు పూర్తిగా విరుద్ధం. ఈగను తోలడానికి కూడా చెయ్యి విసరడు. అతనికి దెబ్బలు తినడం అలవాటు, కొట్టడం చేతకాదు.

ఆ అలవాటు చేయించింది వాళ్ళ నాన్న. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారు. బళ్ళో పిల్లల్ని కొట్టగా మిగిలిన సత్తువతో ఇంటికొచ్చి కొడుకుని కొట్టేవాడు. పద్నాలుగేళ్ళప్పుడు బావ ఎవరో పారేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చుకున్నాడు. ఆ కాలపు ఇంటి కంప్యూటర్లకు మెషీనంతా కీబోర్డులోనే ఉండేది, టీవీకి తగిలించుకుంటే చాలు. పరీక్ష తప్పిన రోజు ఆ మహానుభావుడు దాన్ని రెండు చేతులతో ఎత్తి కొడుకు నెత్తిన వేశాడు. మీటలు ఊడి గది నిండా చెల్లాచెదురయ్యాయి. నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. "అందరి నుదుటి రాతా బ్రహ్మ రాస్తాడు, నాది మా నాన్న టైపు చేశాడు" అని బావ ఇప్పటికీ నవ్వుతాడు. నాకు మాత్రం ఆ మచ్చ చూసినప్పుడల్లా పోయిన ముసలాణ్ణి లేపి మళ్ళీ చంపాలనిపిస్తుంది.

కుట్లు విప్పకముందే బావ ఆ మీటలన్నీ ఏరి మెషీను బాగుచేశాడు. తర్వాత టీవీలు బాగుచేసే కొట్లో చేరాడు. పని చెడితే అక్కడి మేస్త్రీ కాలుతున్న సోల్డరింగు కడ్డీ తెచ్చి ముంజేతికి ఆనించేవాడు. పదకొండు మచ్చలున్నాయి. పన్నెండోది పడకముందే బావ ఆ కొట్టు మానేసి, ఇంటి ముందుగదిలో బల్ల వేసుకుని సొంతంగా డబ్బాలు చెయ్యడం మొదలుపెట్టాడు.

ఆ డబ్బాల సంగతి చెప్పాలి. పాత ఇంటి కంప్యూటర్లను పసిపిల్లల్లా సాకే పిచ్చివాళ్ళు లోకంలో చాలామందే ఉన్నారు. వాటి డిస్కు డ్రైవులు అరిగిపోయాయి, డిస్కులకు బూజు పట్టింది. బావ అరచేతిలో పట్టే డబ్బాలో నాలుగు చిప్పులు అతికించి, ఒక పక్క మెమరీ కార్డు దూరే సందు పెట్టి, ఇంకో పక్క పట్టీలాంటి వైరు తగిలిస్తాడు. ఆ వైరుని డ్రైవు ఉండాల్సిన చోట గుచ్చాలి. "డిస్కు ఉందా?" అని కంప్యూటరు అడుగుతుంది. "ఉంది, తిరుగుతోంది" అంటుంది డబ్బా. తిరిగేదీ లేదు, పాడూ లేదు, ఉన్నదల్లా గోరంత కార్డు. అందుకే అక్క వాటికి బొంకు డబ్బాలని పేరు పెట్టింది.

"మా ఆయన అబద్ధాలు అమ్ముతాడమ్మా" అని ఇరుగుపొరుగుకి చెప్పేది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదే. నేను సోల్డరు పెట్టి మరీ అతికిస్తున్నా" అనేవాడు బావ.

డబ్బా మీద ఒక చిన్న జారుడు మీట ఉంటుంది. ఒకవైపు జరిపితే కార్డు మీద రాయనిస్తుంది, రెండోవైపు జరిపితే రాయనివ్వదు. తంటా అంతా అక్కడే వచ్చింది. పాతకాలపు పెద్ద డిస్కులకు అంచున గాటు ఉండేది. దాన్ని టేపుతో మూస్తే డిస్కు భద్రం, ఎవరూ చెరపలేరు. తర్వాతొచ్చిన చిన్న డిస్కులకు మూలన కిటికీ ఉండేది. అది మూస్తే రాయొచ్చు, తెరిస్తే భద్రం. మాట ఒకటే, అర్థం మాత్రం ఇక్కడొకటి, అక్కడ దానికి తలకిందులు. బావ రెండు రకాల మెషీన్లకూ డబ్బాలు చేసేవాడు. మీటకు అటొకటి ఇటొకటి "మూసి", "తెరిచి" అని స్టిక్కర్లు అంటించేవాడు. పెద్ద డిస్కుల వాళ్ళకు ఒకలా, చిన్న డిస్కుల వాళ్ళకు దానికి తిరగేసి. నాలుగు ముక్కలు విడమరిచి రాసి ఏడవొచ్చు కదా అని ఇప్పుడు తిడతాను. అప్పుడు నాకూ తట్టలేదు.

మూడు వీధుల అవతల స్వెట్టర్లు అల్లే షెడ్డు ఉండేది. దాని యజమానిని అందరూ పెద్దాయన అనేవాళ్ళు. వయసుని బట్టి కాదు, ఆకారాన్ని బట్టి. ఆయన గుమ్మంలో నిలబడితే పట్టపగలు గదిలో దీపం వెయ్యాలి. ఆయనకు అల్లిక మెషీన్లు రెండు, వాటిని నడిపే పాత కంప్యూటరు ఒకటి. పంతొమ్మిదేళ్ళుగా ఆయనా భార్యా కూర్చుని గీసిన డిజైన్లు నాలుగు వందల పైచిలుకు, అన్నీ పెద్ద డిస్కుల్లో ఉండేవి. ఆయన దగ్గర యూనిఫారం స్వెట్టర్లు చేయించుకునే స్కూళ్ళ గుర్తులు, పూలు, పక్షులు. డిజైన్లు పోతే ఆ మెషీన్లు ఉత్త ఇనుము.

బూజు పట్టిన ఆ డిస్కుల్ని బావ ఒక్కొక్కటే తుడిచి, చదివించి, కార్డులోకి ఎక్కించాడు. చదువుతుండగానే వాటి పూత గీసుకుపోయింది. రెండోసారి చదవడానికి వాటిలో ఏమీ మిగల్లేదు.

"అన్నా, నా దగ్గర ఒక కాపీ ఉంచనా?" అని అడిగాడు బావ.

"నా డిజైను ఇంకొకడి స్వెట్టరు మీద కనబడిందా, నిన్ను నరికేస్తా" అన్నాడు పెద్దాయన. బావ దగ్గరున్న కాపీని కళ్ళెదుట చెరిపించి మరీ వెళ్ళాడు. ఇక ఆయన బతుకంతా ఆ ఒక్క కార్డులోనే ఉంది.

ఆ వారం బావ చిన్న డిస్కుల వాళ్ళ కోసం పన్నెండు డబ్బాలు చేస్తున్నాడు. ఆ ఊపులో పెద్దాయన డబ్బాకీ ఆ స్టిక్కర్లే అంటించేశాడు.

పెద్దాయన షెడ్డుకి వెళ్ళి మీటని "మూసి" వైపు జరిపాడు. పంతొమ్మిదేళ్ళుగా మూస్తే భద్రమే కదా ఆయనకు. ఆ అల్లిక ప్రోగ్రాముకి ఒక పాడలవాటు ఉంది, మొదలవగానే డిస్కులో ఏవేం ఉన్నాయో చెప్పే సూచికని తుడిచేసి కొత్తది రాయబోతుంది. గాటుకి టేపు ఉంటే రాయలేనని గొణిగి ఊరుకునేది. ఈసారి గొణగలేదు. తెర మీద నాలుగు వందల పేర్లు ఉండాల్సిన చోట "ఖాళీ" అన్న ఒక్క ముక్క కనబడింది.

ఆదివారం పొద్దున పదింటికి నేను అక్కవాళ్ళ పెరట్లో కుళాయి బాగుచేస్తున్నాను. ముందుగదిలో బల్ల తిరగబడిన చప్పుడైంది, వెంటనే అక్క కేక వినబడింది. నేను వెళ్ళేలోపు జరిగింది తర్వాత అక్క చెప్పింది. పెద్దాయన డబ్బా చేత్తో పట్టుకుని వచ్చాడు. బావ మీట వంక చూసి పాలిపోయి, "అన్నా, ఒక్క నిమిషం విను, అవి పోలేదు" అన్నాడు. ఆ మాట పూర్తి కాకుండానే పిడికిలి నోటి మీద పడింది. ముందుపళ్ళు మూడు ఊడాయి. రెండో దెబ్బకి బావ కిందపడ్డాడు. పెద్దాయన అతన్ని చొక్కా పట్టి లేపి, ఎడమచేతిని కిటికీ దగ్గరి రెండో బల్లకి బిగించిన వైసు ఇనుప దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు.

"ఈ వేళ్ళతోనేగా చెరిపావు" అన్నాడట. ఇంకో చుట్టు తిప్పాడు. వేళ్ళు విరిగిన చప్పుడు పెరటి గుమ్మంలోకి వచ్చిన నాకే వినబడింది.

నేను ఆలోచించలేదు. ఎప్పుడాలోచించాను గనక. నేలమీద పాత డిస్కు డ్రైవు ఒకటి పడి ఉంది, రెండు కిలోల ఇనుము. దాన్ని ఎత్తి ఆయన దవడ మీద వేశాను. మనిషి గోడకి కొట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు. ఇంకోసారి కనుబొమ్మ మీద వేశాను. చర్మం చిట్లి నెత్తురు రెండు కళ్ళూ కప్పేసింది. డొక్కలో తన్నాను, మళ్ళీ తన్నాను. హాయిగా ఉంది. ఉన్నమాట చెబుతున్నా, ఆ క్షణంలో నాకు చాలా హాయిగా ఉంది.

ఆయన చేతిలోంచి డబ్బా జారి నా కాళ్ళ దగ్గర పడింది. కార్డు సగం బయటికొచ్చి ఉంది.

"నీ డిజైన్ల కోసం మా బావ చెయ్యి విరుస్తావా?" అని బూటుకాలు ఎత్తాను.

వైసులో చెయ్యి ఇరుక్కున్న బావ వెనకనుంచి అరిచాడు. నోటినిండా నెత్తురు, ముందుపళ్ళు లేవు. "తొక్కు" అని వినబడింది నాకు. మా బావ జన్మలో మొదటిసారి ఎవరినైనా దెబ్బతియ్యమన్నాడని నాకు ఛాతీ ఉప్పొంగింది. మడమ పెట్టి మూడుసార్లు తొక్కాను. డబ్బా పచ్చడైంది, కార్డు రెండు ముక్కలైంది.

పెద్దాయన అప్పటికే స్పృహ తప్పి పడున్నాడు. అక్క పిడి వెనక్కి తిప్పి బావ చెయ్యి బయటికి తీసింది. చెయ్యి సంగతి చూసుకోకుండా బావ నేలమీద పాకుతూ వచ్చి, కుడిచేత్తో ఆ ముక్కలు ఏరాడు.

"తొక్కకు అన్నాన్రా" అన్నాడు.

"తొక్కమన్నావు కదా బావా."

"తొక్కకు అన్నా."

ఒక్క అక్షరం. ఆ నెత్తుట్లో పడి కొట్టుకుపోయింది, లేదా నాకే వినాలని లేదు. బావ ముక్కలు ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. "సూచిక ఒక్కటే పోయిందిరా. పుస్తకంలో మొదటి కాగితం చింపితే పాఠాలు పోతాయా? అన్నీ ఇందులోనే ఉన్నాయి. రెండు రోజుల్లో తెచ్చిచ్చేవాణ్ణి. అదే చెప్పబోయాను" అన్నాడు.

ఆసుపత్రిలో ఇద్దరికీ పక్కపక్క మంచాలే దొరికాయి. బావ చేతికి కట్టు, పెద్దాయన దవడకి తీగలు. పోలీసు వచ్చి అడిగితే ఇద్దరూ కేసు వద్దన్నారు. అతను వెళ్ళాక బావ, ఊడిన పళ్ళ సందుల్లోంచి, తప్పు తనదేనని పెద్దాయనకి చెప్పాడు. స్టిక్కరు తలకిందులైందన్నాడు. డిజైన్లు చెరగలేదు, సూచికే చెరిగిందన్నాడు. పెద్దాయన కళ్ళలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. మాట్లాడలేడు గనక కాగితం అందుకుని "కార్డు ఏది?" అని రాశాడు. ఆయన కళ్ళకి నెత్తురు అడ్డుపడి నేను తొక్కడం చూడలేదని అప్పుడు తెలిసింది.

"పెనుగులాటలో నా కాలికింద పడి నలిగిపోయింది అన్నా" అన్నాడు బావ.

అతికినట్టే చెప్పాడు. నేను నోరు మెదపకపోతే అంతటితో పోయేది. కానీ వేళ్ళు పోగొట్టుకున్నవాడే నా పాపం కూడా మోస్తుంటే చూస్తూ ఎలా నిలబడతాను? నేనూ అన్నమే తింటున్నాను కదా.

"తొక్కింది నేను" అన్నాను.

పెద్దాయన నా వైపు తిరిగాడు. లేచి కొడితే బాగుండుననుకున్నాను. ఒట్టు, చెయ్యి అడ్డం పెట్టేవాణ్ణి కాదు. ఆయన కాగితం మీద "ఎందుకు?" అని రాశాడు. పెన్సిలు గట్టిగా నొక్కితే కాగితం చిరిగింది.

"కోపమొచ్చింది" అన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పాత స్వెట్టర్లు ముందేసుకుని ఆ డిజైన్లు మళ్ళీ గీద్దామని ఆయన భార్య కూర్చుంది. ముప్పై కూడా కాకముందే స్కూళ్ళవాళ్ళు ఇంకో చోటికి వెళ్ళిపోయారు. మెషీన్లు పాత ఇనుము కింద పోయాయి. బావ ఎడమచేతిలో మిగిలిన మూడు వేళ్ళతో డబ్బాలు చేస్తూనే ఉన్నాడు, రోజులో అయ్యే పనికి ఇప్పుడు నాలుగు రోజులు పడుతుంది. నేను మేనేజరు కాళ్ళావేళ్ళా పడి పెద్దాయనకి మా బస్సుల షెడ్డు గేటు దగ్గర కాపలా పని ఇప్పించాను. వద్దంటాడేమో అనుకున్నాను, వచ్చాడు. ఏడాది పాటు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నేను "అన్నా, తిన్నావా?" అంటే గేటు వంక చూసేవాడు.

మొన్న చలి ముదిరింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేసరికి గేటు తీసిన పెద్దాయన ఒంటిమీద బజార్లో కొన్న స్వెట్టరు ఉంది. నేను చూడనట్టు తలొంచుకుని పోబోయాను. ఆయనే ఆపాడు. అంచుని రెండు వేళ్ళతో లాగి నాకు చూపించాడు.

"అల్లిక వదులు" అన్నాడు, సరిగ్గా అతకని దవడతో. "రెండు ఉతుకులకి సాగిపోతుంది."

"అవునన్నా" అన్నాను.