అత్తయ్యగారు చెప్పిన తాళం

మండపేటలో మా ఇల్లు కిరాణా కొట్టు మీదే ఉంటుంది. కింద బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు. పైన మేము. ఆ శనివారం పొద్దున్నే మా ఆయన, మావయ్యగారు బంధువుల పెళ్ళికని కోరుకొండ వెళ్ళారు. ఇంట్లో నేను, అత్తయ్యగారు మిగిలాం. కింద కొట్టు గుమాస్తా చూసుకుంటున్నాడు.

అత్తయ్యగారికి చూపు లేదు. నీటికాసులు వచ్చి నా పెళ్ళికి ముందే ఒక కన్ను, ఆ తరవాత కొన్నేళ్ళకి రెండోదీ పోయాయి. అయినా ఆవిడ ఇంట్లో తిరుగుతుంటే కొత్తవాళ్ళకి ఆ సంగతి వెంటనే తెలియదు. స్నానం చేసి వచ్చాక తన గదికి లోపల తాళం వేసుకుని చీర కట్టుకోవడం ఆవిడ అలవాటు. ఆ రోజు చీర కట్టుకోవడం అయింది గానీ తలుపు రాలేదు.

"అమ్మాయ్, ఇది రావటం లేదు" అని లోపలినుంచి మామూలు గొంతుతోనే పిలిచారు. నేను బయటినుంచి హ్యాండిల్ నొక్కాను, లాగాను, భుజంతో తోశాను. ఏమీ లాభం లేకపోయింది. ఆ గది కిటికీ వసారాలోకి ఉంటుంది. పరుగున అక్కడికి వెళ్ళేసరికి ఆవిడ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

తలుపు చప్పుడు విని గుమాస్తా గునపం పట్టుకుని పైకి వచ్చాడు. ఒక్క దెబ్బకి ఊడొచ్చేస్తుందన్నాడు. అత్తయ్యగారు ఒప్పుకోలేదు. పగలగొట్టడం ఎంతసేపు, తెలిసినవాళ్ళని ముందు ఒక మాట అడుగుదాం అన్నారు. అప్పుడు గుమాస్తాకి రాజమండ్రిలో ఉండే తాళాలాయన గుర్తొచ్చాడు. ఒకప్పుడు మా కొట్టు షట్టర్ బాగుచేసింది ఆయనే. ఫోన్ నేను చేశాను.

తాళం పాడైందని, మా అత్తగారు లోపల ఉండిపోయారని, తొందరగా రమ్మని గబగబా చెప్పాను. ఆయన ఏ తాళమని అడిగాడు. తలుపు తాళమన్నాను. కప్ప తాళమా, చెక్కలో బిగించినదా అన్నాడు. చెక్కలోదే అన్నాను. తాళంచెవి తిరుగుతోందా? తెలియదు. తిరిగితే పూర్తిగా తిరుగుతోందా, మధ్యలో ఆగుతోందా? తెలియదు. హ్యాండిల్ కిందికి దిగుతోందా? దిగుతోంది, కానీ రావడం లేదు.

"ఏది రావట్లేదండి?" అన్నాడాయన.

రోజూ వేసి తీసే తలుపే. దానిలో ఏముందో, ఏది కదిలితే అది తెరుచుకుంటుందో ఏనాడూ ఆలోచించలేదు.

ఆయన విసుక్కోలేదు. "పాడైందంటే నాకేం తెలుస్తదండి? ఒంట్లో బాలేదన్నట్టుంటది. నెప్పి ఎక్కడో చెప్తే ఇక్కణ్ణించే ఏదో ఒకటి చెప్పగలను. నేనొచ్చేసరికి ఎలాగూ గంట దాటుద్ది" అన్నాడు.

అత్తయ్యగారు ఊచల మధ్యనుంచి చెయ్యి చాపారు. స్పీకర్ పెట్టి ఫోన్ ఇచ్చాను. ఆవిడ దాన్ని తలుపు పక్కనున్న స్టూలు మీద పెట్టారు. ఎడమ అరచెయ్యి తలుపుకి ఆనించి కుడిచేత్తో తాళంచెవి తిప్పారు. వెనక్కి తిప్పారు. చెక్కకి చెవి పెట్టి మళ్ళీ తిప్పారు. హ్యాండిల్ పట్టుకుని మెల్లగా ఊపి చూశారు. తలుపు అంచు వెంట వేళ్ళు పైనుంచి కిందికి పోనిచ్చారు. అప్పుడు చెప్పారు.

"బాబూ, తాళంచెవి బాగానే తిరుగుతోంది. చివర్న టక్కుమంటోంది. తలుపుకీ ద్వారబంధానికీ మధ్య సందులో గోరు పెట్టి చూశాను. కింద ఉండే మొద్దు కడ్డీ లోపలికి వెళ్ళిపోయింది. పైన నాలుకలా ఉండేది మాత్రం అడ్డంగా అలాగే ఉంది. హ్యాండిల్ నొక్కినా అది కదలదు. హ్యాండిలేమో ఊడబోయే పన్నులా ఊగుతోంది."

గుమాస్తా గునపాన్ని చిన్నగా నేలకి దించాడు. ఆవిడ చెబుతుంటే చెక్కలో దాగిన ఆ ఇనుమంతా నాకు మొదటిసారి కళ్ళకి కట్టింది. కింద కడ్డీ, పైన నాలుక, రెండూ వేరు వేరని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు.

"నాలుక దగ్గర తుప్పేమన్నా కనిపిస్తుందా అమ్మగారూ?" అని అడిగాడాయన.

"నాకు కనిపించదు బాబూ, తగులుతుంది. తుప్పు లేదు. కొంచెం జిడ్డుగా ఉంది."

ఆ తరవాత ఆయన అడిగే తీరే మారిపోయింది. ఏ రంగుందో, ఎలా కనిపిస్తోందో అనడం మానేశాడు. వదులా బిగువా, నునుపా గరుకా అని అడిగాడు. ఆవిడ ఒక్కోదానికీ తడిమి చూసి గానీ జవాబు చెప్పలేదు. వాళ్ళిద్దరూ ఒకే తాళం ముందు పక్కపక్కన కూర్చున్నట్టుంది.

చివరికి ఆయన తేల్చి చెప్పాడు. తప్పు తాళంచెవిది కాదు. రెండు వైపుల హ్యాండిళ్ళనీ కలిపే నాలుగు పలకల కడ్డీ లోపల విరిగింది. గుమాస్తా కొట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు, కిటికీలోంచి అందించాను. అత్తయ్యగారు స్క్రూలు విప్పి, విప్పినవి విప్పినట్టే కొంగున ముడేసుకున్నారు. హ్యాండిల్ ఊడి చేతికొచ్చింది. దాని వెనక చదరపు చిల్లు ఉందని, చిటికెన వేలి గోరు పడుతోందని చెప్పారు. అందులో స్క్రూడ్రైవర్ పెట్టి కిందికి తిప్పమన్నాడాయన. నన్ను తలుపు దగ్గరికి వెళ్ళమని, అయితే చెప్పేదాకా తొయ్యొద్దని, తోస్తే నాలుక ఒరుసుకుని బిగుసుకుపోతుందని అన్నాడు.

తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. లోపల ఇనుము జారిన చప్పుడైంది. స్క్రూడ్రైవర్ మొనని చదరపు చిల్లులో మూలనుంచి మూలకి ఉండేలా పెట్టమన్నాడు ఫోన్లో ఆయన. మళ్ళీ గీసుకున్న చప్పుడు.

"ఇప్పుడు కరుచుకుంది" అన్నారు అత్తయ్యగారు. ఆ వెంటనే, "అమ్మాయ్, నెమ్మదిగా" అన్నారు.

తోశాను. రోజూ వచ్చినట్టే తలుపు చప్పుడు లేకుండా వచ్చింది.

ఆవిడ నుదుటి మీద చెమట, చేతిలో స్క్రూడ్రైవర్. నేను అక్కడే కూర్చుండిపోతే, గుమ్మం మీద కూర్చోకూడదమ్మా అని లేపారు. స్టూలు మీద ఫోన్లోంచి ఆయన, తలుపు వచ్చిందా అని అడుగుతున్నాడు. అత్తయ్యగారే వచ్చిందని, ఎండలో పడి రావద్దని, చల్లబడ్డాక రమ్మని ఆయనకి చెప్పారు.

సాయంత్రం వచ్చాడాయన. తాళాన్ని తలుపులోంచి బయటికి తీసి మూత విప్పాడు. అత్తయ్యగారు ఒకసారి తను చూడొచ్చా అని అడిగారు. ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకొచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ వేళ్ళు స్ప్రింగు మీదికి, నాలుక మీదికి వెళ్ళాయి. ఆయన ఒక్కోదాని పేరు చెబుతున్నాడు. విరిగిన కడ్డీ ముక్క దొరికాక మాత్రం ఆవిడ దాన్ని వదల్లేదు.

"ఇది ఇవాళ విరిగింది కాదు బాబూ. విరిగిన చోట ఇటు సగం నునుపుగా ఉంది, అటు సగం గరుగ్గా ఉంది. నునుపు సగం ఎప్పుడో తెగి, ఒరుసుకుని అరిగింది" అన్నారు.

ఆయన ఆ ముక్క తీసుకుని వెలుగులోకి ఎత్తబోయి, మధ్యలో ఆగి, కళ్ళు మూసుకుని బొటనవేలితో రాసి చూశాడు. అలా చాలాసేపు చూశాడు. తరవాత "నిజమేనండి" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు కాకుండా, తనలో తనే అనుకున్నట్టు.

నేనూ అడిగి తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. మొదట వట్టి ఇనుమే తగిలింది. అత్తయ్యగారు నా వేలు పట్టుకుని మెల్లగా జరిపారు. ఒకచోట నునుపు ఆగి గరుకు మొదలైంది.