పొల్లాచ్చి దీవి మీద వేగు విమానం

వేగు విమానం పంపనిదే మా నారాయణసామి మామ బాంబరును కదిలించడు. పంపాక, అది చూసినదంతా షిఫ్టు మారేటప్పటి మిల్లు సైరన్ సంగులా ఊదుతాడు. రహస్యంగా చేయవలసిన పనిని ఇంత రచ్చగా చేసే మనిషి కోయంబత్తూరు మిల్లు కాలనీల్లో ఇంకొకడు లేడు.

హోటలుకు వెళ్లినా అంతే. నన్ను వీధిలో నిలబెట్టి తాను తొంగి చూస్తాడు. "సాంబారు వేడిగా ఉండాది. మూల బల్ల కాలీ. రా రా!" అని అరుస్తాడు. అది విని ఎవరో ముందే వెళ్లి కూర్చుంటారు.

ఆదివారాలు రీడింగు రూములో మా యుద్ధం. బల్లపై పరిచిన పాత దుప్పటి మీద నీలిమందుతో సముద్రం, అందులో పొల్లాచ్చి, కినత్తుకడవు దీవులు. ఆ ఊళ్లకు సముద్రం తెచ్చింది మామే. చింతగింజలు బాంబర్లు, చొక్కా గుండీలు వేగు విమానాలు. బలగాలు అగ్గిపెట్టెల కింద దాగుంటాయి. గుండీ వచ్చి వాలితే పెట్టె తీసేయాలి. బాంబరుకు మూరెడు నూలే పెట్రోలు. పోనూ రానూ అందులోనే.

ఎదుటివాళ్ల గుండీ మా పెట్టె మీద వాలినా మామే అరుస్తాడు: "పొల్లాచ్చిలో ఓడ! తూర్పు గట్టున, నీకు జానెడు దూరంలో!"

"అందరికీ కనబడతానే ఉండాది కదా మామా! ఎందుకు కూత?"

"నాకొకతూరి చెప్పుకుంటే గాని తృప్తి లేదు రా."

ఆయుధపూజ నాటి పందెం మాత్రం నాకు ప్రాణం. గెలిచిన జట్టుకు ఏడాదంతా పేపరు మొదట చదివే హక్కు. బడి నన్ను వదిలేశాక నాకు చదువు చెప్పింది ఆ పేపరే. అది కూడా పదిమంది నలిపాక చేతికొస్తే ఒళ్లు మండేది. మామా నేనూ ఒక జట్టు; అవతల వైండింగు సెక్షన్‌లో రిటైరైన యేసుదాస్ తాత.

"ఈపొద్దు నోరు తెరిస్తే నేను లేచి వెళ్లిపోతా" అన్నాను మామతో.

"శరి" అని మామ నోరు మూసుకున్నాడు. తాత గుండీ మా పెట్టె మీద వాలింది. మామ చప్పుడు లేకుండా పెట్టె తీశాడు. మా ఓడ బట్టబయలైంది.

తాత నూలు పరిచి, వేళ్లతో తడుముకుంటూ బాంబరును తీసుకొచ్చి నా కాఫీ గ్లాసులో వేశాడు.

"తాతా, కాఫీని ముంచేస్తివే!" అని జట్లు పంచే పెద్ద వేలుసామి నవ్వాడు.

"వీడు అందులో ఓడ దాచినాడేమో అని" అన్నాడు తాత. అందరూ నవ్వారు. ఆయన వేళ్లు మాత్రం బల్ల అంచును వెతుకుతూనే ఉన్నాయి.

మామ నా చెవి దగ్గరికి వంగాడు. "చూపు పోయింది రా. తెలిస్తే ఆటలోనుంచి తీసేస్తారు. ఆయనకి ఆదివారం ఇంకేముండాది?"

నా వంతు వచ్చింది. తాత ఓడ అప్పటికే బయటపడి ఉంది; ఒక్క బాంబరుతో పేపరు నాదే. నేను బాంబరును వదిలి గుండీ తీసి కినత్తుకడవు మీద వాల్చాను.

"కినత్తుకడవులో రెండు బాంబర్లు!" అని గొంతు చించుకున్నాను. "మా ఓడ పొల్లాచ్చి తూర్పు గట్టున! తాతా, నీ కుడిచేతికి జానెడు!"

తాత తీరిగ్గా జానెడు కొలిచి, సరిగ్గా మా ఓడ మీద చింతగింజ పెట్టాడు. తర్వాత నా వైపు ముఖం తిప్పి విసుక్కున్నాడు.

"ఎందుకు రా అట్లా అరుస్తావు? నాకేమి చెవుడా?"