అద్దాలక్క చేతి పూత

బల్లల ఫ్యాక్టరీలో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. ఆమె పాలిష్ పెట్టిన బల్లమీదకు వంగితే ముఖం కనబడేది, ఓపిక ఉంటే తెల్లవెంట్రుకలు కూడా ఏరుకోవచ్చు. ఆ మెరుపే తన పేరు, పరువు అనుకుంటూ బతికిన మనిషి. యజమాని ముందే మెరుపు పూసి అమ్మే బోర్డులు తెప్పించడం మొదలుపెట్టాక పాలిష్ గదికి తాళం పడింది.

ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్న ఆమెను వెతుక్కుంటూ పిన్ని వచ్చింది.

"మీ బాబాయికి భుజం పట్టేసిందే. చెక్క కోస్తాడు, అతికిస్తాడు. పూత దగ్గరికొచ్చేసరికి చెయ్యి లేవట్లేదు. నువ్వొస్తే ఆయన సణుగుడు నాకు తప్పుతుంది."

బాబాయి స్పానిష్ గిటార్లు చేస్తాడు. ఇంటి వెనక గదే ఆయన ప్రపంచం. అద్దాలక్క వెళ్లేసరికి అక్కడ ఒక గిటార్ పూతకు సిద్ధంగా ఉంది. బడిలో పాటలు నేర్పే టీచరమ్మ చేయించుకుంటున్నది. పిల్లల గొంతులను మింగెయ్యకూడదు, అలాగని చివరి బెంచీకి వినబడకుండా పోకూడదు. అదీ ఆవిడ కోరిక. అందుకే బాబాయి ముందుపలకకు దేవదారు ఎంచాడు, అది మెత్తగా పలుకుతుందని. అంచుల దగ్గర దాన్ని మరికాస్త పల్చగా చిత్రిక పట్టాడు. లోపల విసనకర్ర పుల్లల్లా సన్నటి బద్దలు అతికించాడు. తీగల లాగుడికి పలక ఆగాలి, మోతకు మాత్రం ఊగాలి.

"లక్క పాలిష్ గుడ్డతో పల్చగా అద్దమ్మా. అంతకు మించి ఏమీ వద్దు," అని చెప్పి, చెక్క కొనడానికి ఊరికి బయలుదేరాడు.

పల్చగా అనే మాట అద్దాలక్క చెవికి పిసినారితనంలా వినిపించింది. తన సంచిలోంచి ఫ్యాక్టరీ వార్నిష్ డబ్బా తీసింది. పూత మీద పూత వేసి, ఆరబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ వేసింది. పిన్ని వచ్చి అందులో చూసుకుని కొప్పు సర్దుకుంది.

"మీ బాబాయి నోరెళ్లబెడతాడు చూడు!"

తిరిగొచ్చిన బాబాయి మొదట నిజంగానే నోరెళ్లబెట్టాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి మురిసిపోయాడు. తీగలు బిగించి ఒకసారి మీటాక ఆయన ముఖం వాడిపోయింది. దుప్పటి కప్పుకున్న మనిషి మాట్లాడినట్టుంది మోత.

"చూడ్డానికి పెళ్లికూతురిలా ఉంది," అన్నాడు నెమ్మదిగా. "కానీ ఇంత మందం పూత కింద ముందుపలక ఊగట్లేదు. నోరు పెగలట్లేదమ్మా దీనికి."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కాబట్టి ఆమెకు ఎక్కువ తగిలింది. మర్నాడు పనికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మంచం మీద పడుకుని, ఇన్నేళ్లు నేర్చుకున్న విద్య ఇక్కడ తప్పయిపోయిందే అని బాధపడింది. మూడోరోజు లేచి, ముఖం కడుక్కుని, నేరుగా వెనక గదిలోకి నడిచింది.

"పూత నేను వేశాను, నేనే తీస్తాను బాబాయ్."

"పలక ఎంత పల్చగా ఉందో తెలుసా? పూతతో పాటు చెక్క లేచిందంటే ఇక దాన్ని గోడకి తగిలించుకోవడమే."

"నా చెయ్యి నాకు తెలుసు. నువ్వు కాస్త అవతల కూర్చో."

ఆయన అవతల కూర్చోలేదు, పక్కనే నిలబడ్డాడు. ఆమె ఉక్కు రేకు అంచుతో వార్నిష్‌ను పొరలు పొరలుగా గీకింది. కాస్త గీకడం, బొటనవేలితో పలకను తట్టి వినడం. మొదట అట్టపెట్టె మీద కొట్టినట్టు మొద్దుగా ఉన్న చప్పుడు, పూత పోయేకొద్దీ తేటపడుతూ వచ్చింది. ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. బల్లకు పూత వేసేటప్పుడు చెక్క ఏమంటోందో తను ఏనాడూ వినలేదు. వినాల్సిన అవసరమే రాలేదు.

చెక్క రంగు తేలాక లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో సున్నాలు చుడుతూ అద్దింది. చాలనిపించిన చోట ఆపేసింది. కొత్తవాళ్ల ఇంట్లో కూర్చున్నంత ఇబ్బందిగా ఉంది ఆ ఆపడం.

బాబాయి గిటార్‌ను తిరగేశాడు. "ఇక వెనకవైపు కూడా గీకెయ్."

"వెనకది ఉండనీ. ఊగాల్సింది ముందుపలక అన్నావుగా. వెనక రోజ్‌వుడ్ గట్టిది. గట్టి పూత ఉంటే మోతను ముందుకు నెడుతుందేమో."

"ఏమో అంటే కుదరదమ్మా."

"విని చెప్పు. నచ్చకపోతే అదీ గీకుతాను."

తీగలు కట్టాక బాబాయి చాలాసేపు వాయించాడు. వంటింట్లోంచి పిన్ని గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. గొంతు మెత్తగానే ఉంది, కానీ గది దాటి వెళుతోంది.

"దేవదారు మంచిది పడింది," అన్నాడు బాబాయి.

"అవునవును, చెక్కదే గొప్ప!" అంది పిన్ని. "నీ నోట్లోంచి మెచ్చుకోలు రావాలంటే దాన్నీ గీకి తియ్యాలి!"

ఆయన నవ్వాడు. వెనకవైపు గీకమని మాత్రం మళ్లీ అనలేదు.

టీచరమ్మ గిటార్ తీసుకెళుతూ అద్దాలక్కను బడికి రమ్మంది. ఆమె వెళ్లి, ఇరుకు బెంచీలో మోకాళ్లు పట్టక పక్కకు తిరిగి, అందరికన్నా వెనక కూర్చుంది. పిల్లలు అరుస్తూ పాడారు. ఆ అరుపుల కిందనుంచి ప్రతి తీగా విడివిడిగా ఆమె దాకా వచ్చింది.

"ఎలా ఉంది?" అంది పిన్ని, ఆమె గడపలో అడుగుపెట్టగానే.

"పిల్లలు శ్రుతి తప్పారు. గిటార్ తప్పలేదు."

కొత్త గిటార్‌కు పలక చిత్రిక పట్టే రోజున ఆమె బాబాయి కన్నా ముందే గదిలోకి వచ్చి కూర్చుంది.

"పూత పనికి ఇంకా చాలా రోజులుందమ్మా," అన్నాడాయన.

"తెలుసు. నువ్వు చిత్రిక పట్టు, నేను వింటాను."