తోడల్లుడి కారు క్లెయిము

మా తోడల్లుడి కారుకు ఇన్సూరెన్స్ డబ్బు రాకుండా చేసింది నేనేనని ఏడాదిగా కాజీపేటలో కనబడ్డ ప్రతివాడికీ చెబుతున్నాను. నష్టం లెక్కగట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ ముందు గంటసేపు వాదించాననీ, ఆయన లేచి నాకు నమస్కారం పెట్టాడనీ కూడా చెప్పాను. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో రాస్తాను.

తోడల్లుడంటే నా భార్య చెల్లెలి భర్త. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం. నేను రైలింజన్ నడిపి రిటైరైనవాణ్ణి. మేం డ్యూటీ ఎక్కే ముందు ప్రతిసారీ మిషన్‌లోకి ఊదాలి. తాగలేదని తేలితేనే ఇంజన్ చేతికిస్తారు. అది పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి చుట్టాల మధ్య నన్ను ఆడుకున్నాడు. "మా అన్నను సర్కారే నమ్మది. మూతి వాసన చూసినంకనే పనిల పెట్టుకుంటది" అనేవాడు. అందరూ నవ్వేవారు. మా ఆవిడ కూడా నవ్వేది.

పోయినేడాది హసన్‌పర్తిలో మా బంధువుల బిడ్డకు బాప్తిస్మం. ఆదివారం మధ్యాహ్నం విందు. అక్కడ మా తోడల్లుడు మటన్ కంటే మందే ఎక్కువ పుచ్చుకున్నాడు. ఆడవాళ్లు ఆటోలో ముందే వెళ్లిపోయారు. నేను ఆయన కారులో పక్కన కూర్చున్నాను. చెరువు మలుపు దాటగానే కారు కల్వర్టు గోడను గుద్దింది. మాకేమీ కాలేదు కానీ కారు ముందు భాగం నుజ్జయింది. పోలీసులు వచ్చి ఆయన నోటికి మిషన్ పెట్టారు.

"ఊదు పెద్దమనిషీ, గట్టిగ ఊదు" అన్నాడు కానిస్టేబుల్.

అంత కమ్మని మాట నా జన్మలో వినలేదు. కేసు రాశారు.

మూడో రోజు పొద్దున్నే తోడల్లుడు మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, బండి నువ్వే నడిపినవని చెప్పు జర. తాగి నడిపితె మన బండి రిపేరుకు కంపెనీ పైస ఇయ్యదట. నీకు లైసెన్స్ ఉంది, నువ్వు తాగవు."

"పోలీసోళ్లు నిన్ను ఊదిచ్చిన్రు గద తమ్మీ?"

"గది కోర్టు ముచ్చట. గీళ్లు ఇన్సూరెన్సోళ్లు. వీళ్లకేం తెలుస్తది?"

చూద్దాంలే అని పంపించాను.

సర్వేయర్ కారున్న రిపేరు షెడ్డుకు వచ్చిన రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వెళ్లాను. "బండి ఎవరు నడిపిన్రు?" అన్నాడాయన. "మా తమ్ముడే. ఫుల్లు తాగి" అన్నాను. తోడల్లుడు బంపర్ వైపు చూస్తూ నిలబడిపోయాడు. సర్వేయర్ మాత్రం తల కూడా ఎత్తలేదు. "తెలుసు పెద్దాయనా. పోలీసు కాయితం ఫైల్ల ఉంది" అని ఫొటోలు తీసుకోసాగాడు.

నేను చెప్పుకునే గంట వాదన ఇదే. నేను నోరు విప్పకపోయినా ఆ క్లెయిము పోయేదే. ఇన్నేళ్లు దాచుకున్న పగ అలా అక్కరకు రాకుండా పోవడం నాకు నచ్చలేదు.

నెల తర్వాత కంపెనీ నుంచి తోడల్లుడికి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. నా మీద కోపం ఉన్నా, చదివి చెప్పమని నా దగ్గరికే తెచ్చాడు. వేరేవాళ్లతో చదివిస్తే ఊరంతా తెలుస్తుందని ఆయన భయం. తాగి నడపడం పాలసీ షరతులకు విరుద్ధమనీ, బండికి నష్టపరిహారం ఇవ్వలేమనీ అందులో నాలుగు లైన్లున్నాయి. నేను పన్నెండు లైన్లు చదివాను. ఇక ఏ కంపెనీ ఆయన బండికి ఇన్సూరెన్స్ చేయదనీ, ఆయన పేరు అన్ని ఆఫీసులకూ పంపించారనీ చదివాను.

"బతికినన్ని దినాలా అన్నా?"

"కొడుకు పేరు మీద కొన్నా అంతేనట."

ఆయన మా మెట్ల మీద కూలబడ్డాడు. ఇన్సూరెన్స్ దొరకని బండిని బాగు చేయించి ఏం లాభమని రెండు నెలలు కారును షెడ్డులోనే ఉంచాడు. ఆయన బస్సులో మార్కెట్‌కు పోతున్నాడని తెలిసి, ఆ వేళకు బస్టాపు పక్కన టీ తాగడం అలవాటు చేసుకున్నాను.

చివరికి ఎవరో ఇన్సూరెన్స్ ఏజెంటు ఆ ఉత్తరం చదివి నిజం చెప్పాడు. ప్రీమియం పెరగవచ్చు గానీ ఇన్సూరెన్స్ దొరుకుతుందన్నాడు. తోడల్లుడు మళ్లీ వచ్చాడు.

"నాలుగు లైన్లే ఉన్నయట. కడమ లైన్లన్ని నువ్వే కల్పినవా?"

"అవు."

"ఎందుకన్నా?"

"నా మూతి వాసన ముచ్చట యాదికుందా?"

ఆయన చెప్పులేసుకుంటూ, "గది నవ్వులాటకు అన్న గదనే" అని వెళ్లిపోయాడు.

ఇంకొక సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ ఆదివారం కారెక్కే ముందు ఆయన కారు తాళం నా చేతికివ్వబోతూ, "అన్నా, నాకు జర ఎక్కింది, నువ్వు నడుపు" అన్నాడు. ఆయనకది గుర్తు లేదు. "నీ పెద్ద బండి నాకు చాతగాదు తమ్మీ" అన్నాను. నిజానికి చాతనవుతుంది. పక్క సీట్లో కూర్చుని బెల్టు మాత్రం గట్టిగా బిగించుకున్నాను.